లోపల జాగా ఉంది

ఫోను వచ్చేసరికి నేను పేపరు సగంలో ఉన్నాను. ఆదోనిలో అక్క నడిపిన సంస్థలో ఇప్పుడు మేనేజరుగా ఉన్న అతను మాట్లాడుతున్నాడు.

"సార్, అక్క పోటో మీకాడ ఏమన్నా ఉందా? ఆదివారం సంతాప సభ పెట్టుకున్యాం. దండ ఏసేదానికి ఒక్క పోటో ల్యాదు."

ఆమె పోయిందని అప్పటికే తెలుసు. ఫోటో లేదన్న మాట మాత్రం కొత్తగా తగిలింది. ఆ ఆఫీసు గోడల నిండా ఫోటోలే. ప్రతి ఏటా ప్రతి కుటుంబాన్నీ నిలబెట్టి, కొంగులు సర్ది, పిల్లల ముక్కులు తుడిచి ఫోటో తీసింది ఆమే. తీసే మనిషి ఫోటోలో ఉండదు కదా.

నా ఫోనులో పాత ఫోటోలన్నీ వెతికాను. ఒకటి దొరికింది. అందులో ఆమె ముఖం లేదు. ఫోటో అంచు నుంచి లోపలికి చాచిన ఒక చేయి ఉంది. ఆకుపచ్చ గాజులు, మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టిన గడియారం. ఆ చేయి ఒక పెద్దాయన భుజం మీద పడి, ఆయన్ను పక్కనున్న వాళ్లవైపు నెడుతోంది.

అది చాలు, ఆమెను తెలిసినవాళ్లు గుర్తు పట్టడానికి.

ఆమె బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగం మానిందే కానీ బస్సు దిగలేదు. ఆఫీసులో కుర్చీ ఉన్నా కూర్చునేది కాదు. బల్లకు నడుము ఆనించి, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, నేల ఏ క్షణాన్నయినా కుదుపుతుందన్నట్టు నిలబడేది. ఏదైనా ఆలోచన పట్టుకుంటే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఊరికే కదిలేవి, టిక్కెట్టు చించుతున్నట్టు. ఎంత పెద్దవాళ్లనైనా 'నువ్వు' అనే పిలిచేది. పక్కన 'సార్' తగిలించేది కాబట్టి ఎవరికీ కోపం వచ్చేది కాదు.

ఆఫీసంటే ఒకప్పటి పత్తి జిన్నింగు మిల్లు గోడౌను. మార్కెట్ యార్డు వెనక సందులో ఉంటుంది. మిల్లు మూతపడి చాలా కాలమైనా పైకప్పు దూలాల్లో ఇరుక్కున్న దూది ఇప్పటికీ అప్పుడప్పుడూ రాలుతుంది. మీటింగు మధ్యలో ఎవరి నెత్తి మీదో ఒక పింజ వాలుతుంది. వాకిలి మీద 'ప్రధాన కార్యాలయం' అని బోర్డు. శాఖలు మరెక్కడా లేవు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ సంగతే అడిగాను.

"బ్రాంచీలు లేకుండా హెడ్డాఫీసు ఏందక్కా?"

"ఉండాయి కదప్పా. కృష్ణగిరిలో ఉంది, హొళగుందలో ఉంది, బెళగల్లో ఉంది. మా సుట్టాల ఇండ్లన్నీ బ్రాంచీలే."

ఒక ఇంటికి ఇంకో ఇల్లు తోడు. ఆ సంస్థ చేసే పని అంతే. బతుకు గడవని కుటుంబానికి, కాస్త వెసులుబాటు ఉన్న మరో కుటుంబం నెలనెలా సాయం పంపుతుంది, పిల్లల చదువు ఒక దరికి చేరేదాకా. నేను వార్త రాయడానికి పోయిన మనిషిని కాబట్టి అలవాటు ప్రకారం "లబ్ధిదారులు" అన్నాను. ఆమె వేళ్లు గాలిలో ఒక టిక్కెట్టు చించాయి.

"ఆ మాట ఈడ పలకొద్దన్నా. దాత అనేది కూడా పలకొద్దు. సుట్టాలు. ఆ పక్క సుట్టాలు, ఈ పక్క సుట్టాలు. రాసుకో."

రాసుకున్నాను. పత్రికలో డెస్కువాళ్లు దాన్ని మళ్లీ 'లబ్ధిదారులు' అని దిద్దారు. మర్నాడు ఆమె ఫోను చేసి తిట్టింది.

చుట్టాలన్న మాటను ఆమె అక్షరాలా పాటించేది. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో సాయం పంపేవాళ్లు ఆఫీసు చూడటానికి వస్తే ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టేది. తినకుండా ఒక్క మాటకూ జవాబు చెప్పేది కాదు. తర్వాత "పాండి, మీ సుట్టాలింటికి పోదాం" అని బయల్దేరదీసేది. బయట కారుంటే దాన్ని అక్కడే వదిలేయాలి. బస్సులోనే పోవాలి. కారులో పోతే సందు మొదట్లోనే జనం పోగవుతారని, ఆ ఇంటివాళ్లు తల ఎత్తుకోలేరని ఆమె లెక్క. చేతిలో ఏదో ఒకటి ఉండాలి, అరటిపండ్లో బొరుగులో. చుట్టాలింటికి ఉత్త చేతులతో పోతామా? ఆ ఇంటివాళ్లు పెట్టింది తినాలి. వచ్చేటప్పుడు వాళ్లిచ్చింది తీసుకోవాలి. ఒకాయన గోరుచిక్కుడుకాయల మూట మోసుకుంటూ బెంగళూరు బస్సెక్కడం నేను చూశాను.

ఆఫీసులో ఎంత మంది కిక్కిరిసినా, వాకిట్లో ఎవరైనా తటపటాయిస్తుంటే లోపలి నుంచి ఆమె గొంతు వినిపించేది. "లోపలికి జరగండప్పా, లోపల జాగా ఉంది!" బస్సులోనూ అదే మాట అనేదట. అప్పుడు లోపల జాగా ఉండేది కాదని ఆమే ఒప్పుకునేది. "ఉంది అంటేనే జరుగుతారప్పా. జరిగితే జాగా అదే వస్తాది."

ఫోటోల విషయంలో ఆమెది ఒకటే పట్టు. ఏటా చుట్టాలకు పంపే ఫోటోలో ఎలా కనపడాలన్నది ఆ కుటుంబం ఇష్టం. ఏం కట్టుకోవాలో, ఎక్కడ నిలబడాలో, చేత్తో ఏం పట్టుకోవాలో వాళ్లే చెప్పాలి. సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలసపోయి వచ్చిన ఒక కుటుంబం తమ ఎద్దును మధ్యలో నిలబెట్టి ఫోటో దిగింది. ఒక ముసలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, చదవడం రాకపోయినా, పేపరు పట్టుకుని దిగింది. ఆ పేపరు మాదే కావడం నాకు సంతోషం.

ఈ పట్టు వల్లే ఒకసారి చిక్కు వచ్చింది.

ఎమ్మిగనూరులో సరోజమ్మ అని చేనేత మనిషి. భర్త నాగరాజుకు నడుము పట్టేసి గుంతమగ్గంలోకి దిగలేకపోతే, ఆమే దిగింది. కూతురు శిరీష కర్నూలులో నర్సింగు చదువుతోంది. ఆ చదువుకు సాయం చేస్తున్నది హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆ ఏడాది ఆయనకు అందిన ఫోటోలో సరోజమ్మ చిలకపచ్చ చీర కట్టుకుంది. ఎర్రటి పట్టంచు, జరీ కొంగు. పెళ్లిపీటల మీద కూర్చోదగ్గ చీర. ఆయన ఆ ఫోటో చూసి, మరుసటి వారమే కారు వేసుకుని ఆదోని వచ్చేశాడు. ఆ రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను.

"మా ఇంటావిడకే ఇలాంటి చీర లేదమ్మా. వీళ్లు పేదవాళ్లంటే నేనెలా నమ్మను? ఈ నెలతో ఆపేస్తాను. నిజంగా అవసరమున్న వాళ్లెవరైనా ఉంటే చూపించండి."

శిరీషకు చివరి ఏడాది మిగిలి ఉంది. ఇప్పుడు ఆగితే ఆ పిల్ల హాస్టలు ఖాళీ చేసి ఇంటికి వచ్చి నూలు కండెలు చుట్టుకోవాలి. నాకు తెలిసిన ఈ సంగతి అక్కకు తెలియనిది కాదు. అయినా వాదించలేదు. ఆమె వేళ్లు మాత్రం చీరంచు పక్కన వరసగా టిక్కెట్లు చించుతూనే ఉన్నాయి.

"ముందు ఉగ్గాని తిను సార్. తిన్యాక పోదాం, సూద్దువు. సూసినాక నీ ఇష్టం."

ముగ్గురం ఎమ్మిగనూరు బస్సెక్కాం. పత్తి బస్తాల లారీలు ఎదురొస్తుంటే బస్సు ఆగి ఆగి పోతోంది. పెద్దాయన కిటికీ పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. సీట్లున్నా ఆమె కడ్డీ పట్టుకుని నిలబడింది.

ఆమెకు తెలియనిది ఒకటి వెనక జరిగింది. ఆఫీసులో ఒకరు, మంచికే అనుకుని, సరోజమ్మ ఇంటికి ఫోను కొట్టారు. సార్ కోపంగా వస్తున్నాడు, పోటోలో మీరు ఉన్నోళ్లలాగ కనపడినారంట, జాగ్రత్త, అని.

సాలెవీధిలో మలుపు తిరగ్గానే మగ్గాల చప్పుడు చెవినపడింది. సరోజమ్మ ఇంటి దగ్గర మాత్రం చప్పుడు లేదు. లోపలికి వెళ్లాం. మగ్గం మీద పాత గోనెపట్టా కప్పి ఉంది. గోడకున్న అల్మరాలో ఒక సత్తు గిన్నె తప్ప ఏమీ లేదు. టీవీ ఉండాల్సిన చోట గోడ మీద తెల్లటి చదరం. నాగరాజు చిరిగిన బనీనులో గోడకు ఆనుకున్నాడు. సెలవుకు వచ్చిన శిరీష చెవులకు కమ్మలు లేవు. సరోజమ్మ అతుకులు వేసిన చీరలో, తల వంచుకుని, మూల నిలబడి ఉంది.

పెద్దాయన మంచం అంచున కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. ఆయన ముఖం మెల్లగా కరిగింది.

"అయ్యో. ఇంత దారుణమా పరిస్థితి. నేనే తొందరపడ్డానమ్మా. ఆపను. ఏమీ దిగులు పెట్టుకోకండి" అంటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నాగరాజు ఊపిరి వదలడం నాకు వినిపించింది. పని అయిపోయింది. ఇక అందరం లేచి రావచ్చు. ఏ సంస్థ మనిషైనా ఆ క్షణాన దండం పెట్టి వచ్చేసేవాడే.

అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అల్మరా వైపు చూస్తోంది.

"సరోజా, గిన్నెలు యాడికి పోయినాయే?"

సరోజమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"టీవీ?"

గోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు వచ్చింది. "మా ఇంట్లోనే పెట్టినారక్కా, బద్రంగానే ఉండాది!"

ఎవరూ నవ్వలేదు. నవ్వు వచ్చింది నాకొక్కడికే, దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

"పో. ఆ సీర కట్టుకోని రా."

"అక్కా, ఇప్పుడు యాలక్కా అది?" నాగరాజు గోడ పట్టుకుని లేవబోయాడు. "సార్ ఒప్పుకునె కదా. పిల్ల సదువక్కా."

"నాకు తెల్దా పిల్ల సదువని? కట్టుకోని రమ్మను."

పెద్దాయనకు అప్పుడు అర్థమైంది. లేచి నిలబడ్డాడు. "అంటే ఇదంతా నాటకమా? నన్ను మోసం చేశారా?"

"నాటకమే సార్" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మొన్న నీకు పంపిన పోటో నిజం. ఇది అబద్దం. నిజం సూసి కోపం చేసుకుంటివి, అబద్దం సూసి కండ్లనీళ్లు పెట్టుకుంటివి. ఈళ్లేం చేస్తారు సార్? నీకు ఏది నచ్చుతాదో అది సూపించినారు."

ఆ మాటతో అంతా పోయినట్టేనని నాకు అనిపించింది. ఆమెకూ అనిపించి ఉంటుంది. గుమ్మాన్ని పట్టుకున్న చేయి కదలలేదు కానీ, రెండో చేతి వేళ్లు మాత్రం ఆగడం లేదు.

సరోజమ్మ చిలకపచ్చ చీరలో బయటికి వచ్చింది. ఆ ఇరుకు గది ఒక్కసారిగా వెలుగెక్కింది. తలెత్తలేదు గానీ మాట మాత్రం నేరుగా పెద్దాయనతోనే మొదలుపెట్టింది.

"ఈ సీర మాది కాదు సార్. షావుకారిది. నూలు, పట్టు ఆయనవి, నేసేది మేము. కట్టుకునేటోళ్లు యాడుంటారో మాకు తెల్దు. ఇది మగ్గం మింద నుంచి కోసిన పొద్దే అక్క పోటోకు వచ్చె. మీకు ఏమి సూపిద్దామా అనుకున్యాం. మాకాడ సూపించేది ఇదొకటే ఉండె. మా పనితనం సూస్తారని కట్టుకుంటి."

"మరి తిరిగి ఇచ్చేశారా?"

నాగరాజు జవాబు చెప్పాడు. "ఒకసారి కట్టినాక మడత పోతాది సార్. షావుకారు కొంగు పట్టి సూసి, ఇసిరి కొట్టినాడు. కూలీ పాయె, నూలు కూడా మా మిందే పడె."

పెద్దాయన మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. చీరంచు వైపు చూశాడు. తర్వాత జేబులో చేయి పెట్టి, "ఆ చీర నేను కొంటాను. ఎంతైతే అంత" అన్నాడు.

"సుట్టాలింటికొచ్చి బేరం చేస్తావా సార్?" అంది అక్క.

ఆ చేయి జేబులోంచి ఉత్తదే బయటికి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది నాకు బాగా గుర్తు. శిరీష వెళ్లి మగ్గం మీది గోనెపట్టా లాగేసింది. కొత్త చీర సగం నేసి ఉంది. సరోజమ్మ జరీ కొంగు నడుముకు చుట్టి, గుంతలోకి దిగి, తొక్కుడుపలకల మీద కాళ్లు పెట్టింది. నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పరుగెత్తింది. పక్కిళ్ల మగ్గాల చప్పుడులో ఈ మగ్గం చప్పుడు కూడా కలిసింది. పెద్దాయన ముందు మంచం మీద నుంచే చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు. చివరికి నేల మీద గొంతుక్కూర్చుని, అంచు దగ్గర రెండు రంగులు కలిసే చోటును వేలితో తాకకుండా, వేలంత దూరంలో చూపిస్తూ, "ఇది ఎలా కలుస్తుందమ్మా?" అని అడిగాడు. సరోజమ్మ తలెత్తి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పేకొద్దీ ఆమె గొంతు పెద్దదైంది.

అన్నం వేళైంది. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, వంకాయ కూర. పళ్లేలు కావాలంటే పక్కింటి నుంచి తేవాలి. పక్కింటావిడ గోడ మీదుగా ఒక్కొక్కటే అందిస్తూ, "టీవీ కూడా అందియ్యాల్నా అక్కా?" అని అడిగింది. ఈసారి అందరూ నవ్వారు. పెద్దాయన కూడా.

బయల్దేరే ముందు అక్క నా వైపు తిరిగి, "అన్నా, ఒక పోటో తియ్యి, మళ్లా పంపల్ల కదా" అంది. మగ్గం ముందు సరోజమ్మ, నాగరాజు, కమ్మలు పెట్టుకున్న శిరీష. పెద్దాయన నా వెనక నిలబడబోయాడు. ఆమె ఆయన భుజం మీద చేయి వేసి ముందుకు తోసింది. "ఆడ నిలబడితే ఎట్ల సార్? జరుగు, ఇంకొంచెం జరుగు, జాగా ఉంది." నేను నొక్కేసరికి ఆ చేయి ఫోటోలో పడింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. కడ్డీ పట్టుకుని నిలబడిన ఆమెను నేను మెల్లగా అడిగాను. "ఆపేస్తే ఏం చేస్తావక్కా?"

"ఎతకల్ల. ఇంకో సుట్టం దొరికేదంక ఎతకల్ల." కడ్డీ మీద చేయి మార్చుకుంది. "బయంగానే ఉందన్నా. కానీ సరోజను ఆ అతుకుల సీరలో సూపించి సాయం అడిగేది నా చేత కాదు. ఈ ఏడు అట్ల నిలబడితే, ఇంగ ప్రతి ఏడూ అట్లనే నిలబడాల కదా ఆ యమ్మ."

ఆదోనిలో దిగాక పెద్దాయన కారు తలుపు తీసి, ఎక్కకుండా కాసేపు నిలబడ్డాడు. "వచ్చే ఏడాది ఫోటో తీసే రోజు నాకు ముందుగా చెప్పండి. నేనూ వస్తాను" అన్నాడు.

"అట్లనే సార్. బస్సులో రా."

అంతే. పొగడలేదు, దండం పెట్టలేదు. ఆయన కారు సందు దాటాక మాత్రం, ఆఫీసులో ఎన్నడూ కూర్చోని ఆ మనిషి, వాకిటి మెట్టు మీద కూలబడింది. మంచినీళ్లు తెమ్మంది. దూలం మీది నుంచి రాలిన దూది పింజ ఒకటి ఆమె నెరిసిన జుట్టులో చిక్కుకుని ఉంది. నేను చెప్పలేదు.

శిరీష చదువు పూర్తయింది. ఆదోనిలోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది.

ఆదివారం సభకు నేను కొంచెం ముందే వెళ్లాను. నేను పంపిన ఫోటోను మేనేజరు పెద్దది చేయించాడు. కానీ పూలదండ బల్ల మీదే ఉంది. వేయడానికి లేదు. ఫోటోలో ఉన్న నలుగురూ బతికున్నవాళ్లు, పైగా ఆ నలుగురూ ఎదురుగానే ఉన్నారు. బతికున్నవాళ్ల ఫోటోకు దండ వేస్తారా?

"చెయ్యి ఒక్కటీ కత్తిరించి పెద్దది చేపిస్తా సార్. గంటలో అయిపోతాది. దానికి దండ ఏస్తాం" అన్నాడు మేనేజరు.

సరోజమ్మ అడ్డం వచ్చింది. అదే చిలకపచ్చ చీర కట్టుకుని ఉంది. మడతలు ఎప్పుడో పోయి, ఒంటికి అలవాటు పడిన చీర.

"వద్దన్నా. ఆ యమ్మ చెయ్యి ఒక్కటే ఎప్పుడన్నా ఉండెనా? ఎవురో ఒకరి మింద ఉండేది కానీ."

మేనేజరు కత్తిరించలేదు. దండను గుమ్మానికి కట్టారు.

జనం నిండారు. కుర్చీలు లేవు, చాపలే. ముందు వరసలో పెద్దాయన కాళ్లు ముడుచుకోలేక ముడుచుకుని కూర్చున్నాడు. చేతికర్ర పక్కన పెట్టుకున్నాడు. బస్సులోనే వచ్చాడని తర్వాత తెలిసింది. శిరీష లేచి మాట్లాడటం మొదలుపెట్టింది. అప్పుడే వాకిట్లో ఒక కుటుంబం వచ్చి ఆగింది. హొళగుంద వైపు వాళ్లు, ఈ నెల నుంచే శిరీష సాయం పంపుతున్న చుట్టాలు. ఆ తల్లి అంచుల్లో మడతలు కూడా పోని చీర కట్టుకుంది. లోపలి జనాన్ని చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మొగుణ్ని వెనక్కి లాగుతోంది.

శిరీష మాట ఆపింది. అలవాటుగా అందరం లోపలివైపు చూశాం, ఆ గొంతు వస్తుందేమోనని.

పెద్దాయన చేతికర్రను ఒళ్లోకి తీసుకున్నాడు. చాప మీద కష్టంగా పక్కకు జరిగాడు. ఆయన పక్కనున్నవాళ్లు జరిగారు. వాళ్ల పక్కవాళ్లూ జరిగారు.

"లోపలికి రామ్మా" అన్నాడాయన. "జాగా ఉంది."